యుద్ధ చిత్రాలలో అధికారం: మనిషి చెడిపోయే తీరు – మూడు చిత్రాల చారిత్రక పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

- యుద్ధకాలంలో అధికారం మనిషి విచక్షణను ఏ మార్గాలలో దెబ్బతీస్తుందో వివరించగలుగుతారు.
- ఒక చలనచిత్రాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో, దాని పరిమితులు ఏమిటో గుర్తించగలుగుతారు.
- 'పాత్స్ ఆఫ్ గ్లోరీ', 'ది హ్యూమన్ కండిషన్', 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' చిత్రాలను వాటి వెనుక ఉన్న వాస్తవ సంఘటనలతో పోల్చగలుగుతారు.
- అధికార దుర్వినియోగాన్ని అడ్డుకోగల అంశాలను చర్చించగలుగుతారు.

1.1 విషయ పరిచయం

యుద్ధం అనగానే మనకు రెండు సైన్యాలు, ఒక సరిహద్దు, గెలుపు ఓటములు గుర్తుకువస్తాయి. పాఠ్యగ్రంథాలు కూడా ఎక్కువగా ఒప్పందాలు, తేదీలు, మృతుల సంఖ్యల చుట్టూ తిరుగుతాయి. అయితే యుద్ధంలో మరొకటి కూడా జరుగుతుంది. మామూలు రోజులలో ఎవరి చేతిలోనూ ఉండని అధికారం కొందరి చేతికి వస్తుంది. ఒక సంతకంతో వందలమందిని చావుకు పంపవచ్చు. ఒక మాటతో ఖైదీ తల తీయించవచ్చు. విచారణ లేకుండా ఒక మనిషిని ఇంటి నుంచి తీసుకుపోవచ్చు. ఆ అధికారం చేతిలో ఉన్నవాడు ఏమవుతాడు? ఈ యూనిట్‌లో మనం పరిశీలించబోయే ప్రశ్న ఇదే.

ఈ విషయంలో తరచుగా ఉదహరించే పేరు ఆంగ్ల చరిత్రకారుడు లార్డ్ యాక్టన్‌ది. అధికారానికి మనిషిని చెడగొట్టే స్వభావం ఉందని, నిరంకుశాధికారం పూర్తిగా చెడగొడుతుందని ఆయన 1887లో బిషప్ క్రైటన్‌కు రాసిన లేఖలో అభిప్రాయపడ్డాడు. ఈ మాట చాలామందికి తెలుసు. ఆయన దానిని ఏ సందర్భంలో అన్నాడో అంతగా తెలియదు. పోపులను, రాజులను మామూలు మనుషులకు వర్తించే ప్రమాణంతో కాక, కొంత మెతకగా అంచనా వేయాలన్న ధోరణిని ఆయన ఆ లేఖలో ఖండించాడు. అంటే యాక్టన్ హెచ్చరిక పాలకులకు ఎంత వర్తిస్తుందో, చరిత్ర రాసేవారికీ చదివేవారికీ అంతే వర్తిస్తుంది. పెద్ద పదవిలో ఉన్నవాడు చేసిన తప్పును 'ఆనాటి పరిస్థితులు అలాంటివి' అని కొట్టివేయడం చరిత్రకారుని పని కాదు.

యాక్టన్ వాడిన పదం 'స్వభావం' అన్న అర్థాన్నే ఇస్తుందని గమనించండి. అధికారం ప్రతివాడినీ తప్పక చెడగొడుతుందని ఆయన అనలేదు. చెడిపోనివారూ ఉన్నారు. వారు ఎందుకు చెడిపోలేదన్నది కూడా మనకు ముఖ్యమే.

1.2 చలనచిత్రాన్ని ఆధారంగా చదవడం

చలనచిత్రం శాసనం వంటిది కాదు, ప్రభుత్వ దస్త్రం వంటిదీ కాదు. అది కల్పన కలిసిన రచన. అయినా చరిత్ర విద్యార్థికి దాని వల్ల రెండు రకాల ప్రయోజనం ఉంది. మొదటిది, అది చూపించే కాలం గురించి మనలో ప్రశ్నలు రేపుతుంది. రెండవది, అది తయారైన కాలానికి అదే నేరుగా సాక్ష్యం. 1915 నాటి సంఘటనపై 1957లో తీసిన చిత్రం 1915 గురించి ఎంత చెబుతుందో 1957 గురించి అంతకంటె ఎక్కువే చెప్పవచ్చు.

కాబట్టి ఏ చారిత్రక చిత్రాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. వాస్తవంగా ఏమి జరిగింది? చిత్రం దానిలో ఏమి మార్చింది? ఏమి వదిలివేసింది? ఈ మూడింటికీ జవాబు వెతికిన తరువాతే చిత్రం చెప్పిన విషయాన్ని అంగీకరించాలో కాదో నిర్ణయించుకోవాలి.

1.3 పదోన్నతి కోసం ప్రాణాలు: 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' (1957)

1.3.1 కథ

స్టాన్లీ కుబ్రిక్ దర్శకత్వం వహించిన ఈ అమెరికన్ చిత్రంలో కర్క్ డగ్లస్ కల్నల్ డాక్స్ పాత్ర ధరించాడు. కథ 1916లో, ఫ్రెంచ్ సైన్యంలో జరుగుతుంది. జనరల్ బ్రూలార్ తన కింది అధికారి జనరల్ మీరో వద్దకు వచ్చి, జర్మన్ల ఆధీనంలో ఉన్న 'చీమలపుట్ట' అనే స్థావరాన్ని వెంటనే పట్టుకోవాలని కోరతాడు. అది అసాధ్యమని మీరో ముందు నిరాకరిస్తాడు. తన సైనికుల ప్రాణాలు తనకు ముఖ్యమంటాడు. అప్పుడు బ్రూలార్ పదోన్నతి ప్రస్తావన తెస్తాడు. కొద్దిసేపటికే మీరోకు ఆ పని సాధ్యమే అనిపిస్తుంది.

ఈ సన్నివేశాన్ని జాగ్రత్తగా పరిశీలించండి. మీరో లంచం తీసుకోలేదు. తాను చెడ్డ పని చేస్తున్నానని కూడా అనుకోలేదు. తన కోరికకు అనుకూలంగా తన అభిప్రాయమే మారిపోయింది. తరువాత అతడు డాక్స్‌కు దాడి లెక్కలు చెబుతాడు. మన ఫిరంగుల వల్లే 5 శాతం, కందకాల మధ్య ఖాళీ నేల దాటడంలో 10 శాతం, ముళ్ళకంచె దగ్గర 20 శాతం, స్థావరం పట్టుకోవడంలో మరో 25 శాతం పోతారట. మిగిలినవారు చాలునంటాడు. మనుషులు అంకెలుగా మారిన తరువాత నిర్ణయం తీసుకోవడం ఎంత సులభమో ఇక్కడ తెలుస్తుంది.

దాడి విఫలమవుతుంది. సైనికులలో ఒక భాగం కందకం దాటి బయటికి రాలేకపోతుంది. కోపంతో మీరో తమ సొంత కందకాలపైనే ఫిరంగులు పేల్చమని ఆదేశిస్తాడు. ఫిరంగిదళాధికారి కెప్టెన్ రూసో లిఖితపూర్వక ఉత్తర్వు లేనిదే పేల్చనని నిరాకరిస్తాడు. అప్పుడు మీరో పిరికితనం నేరం కింద వందమందిని విచారించాలంటాడు. బేరసారాల తరువాత ఆ సంఖ్య మూడుకు దిగుతుంది. ఒక్కొక్క కంపెనీ నుంచి ఒక్కొక్కడు. ఒకడిని చీటీలు వేసి ఎంపిక చేస్తారు. అతడికి ధైర్యసాహసాలకు గతంలో ప్రశంసలు వచ్చాయి. మరొకడు నలుగురిలో కలవనివాడని ఎంపికవుతాడు. మూడవవాడు తన లెఫ్టినెంట్ చేసిన పిరికిపనికి సాక్షి. ఆ సాక్ష్యం మాయం కావాలి కనుక ఆ లెఫ్టినెంటే అతడిని ఎంపిక చేస్తాడు. సైనిక న్యాయస్థానం సాక్ష్యాలను వినిపించుకోదు, విచారణను నమోదు చేయదు. ముగ్గురినీ కాల్చివేస్తారు.

1.3.2 చరిత్ర

ఈ కథకు ఆధారం హంఫ్రీ కాబ్ 1935లో రాసిన నవల. ఆ నవల వెనుక ఉన్నది షాంపేన్ ప్రాంతంలోని సువాన్ గ్రామం వద్ద 1915 మార్చిలో జరిగిన ఘటన. ఫ్రెంచ్ 336వ పదాతి రెజిమెంటు మార్చి 10న దాడికి వెళ్ళవలసి ఉంది. అలసిపోయిన సైనికులు, తమ ఫిరంగుల గుండ్లు తమ వైపే పడుతుండగా, కందకం విడిచి రాలేదు. డివిజన్ కమాండర్ జనరల్ రెవెయాక్ తమ కందకాలపైనే ఫిరంగులు పేల్చమన్నాడు. ఫిరంగిదళాధికారి లిఖిత ఉత్తర్వు కావాలని నిరాకరించాడు. సినిమాలో అతిశయోక్తిలా కనిపించే ఈ సంఘటన చరిత్రలో నిజంగా జరిగింది.

తరువాత 21వ కంపెనీ నుంచి 6 గురు కార్పొరళ్ళను, 18 మంది సైనికులను విచారణకు పంపారు. వారిలో తెయోఫిల్ మొపా, లూయీ లెఫులాన్, లూయీ జిరార్, లూసియాన్ లెషా అనే నలుగురు కార్పొరళ్ళకు మరణశిక్ష పడింది. మార్చి 17న స్విప్ వద్ద వారిని కాల్చివేశారు. దాడి ఆదేశానికీ కాల్చివేతకూ మధ్య గడిచింది ఒక్క వారమే.

ఇంత త్వరగా ఎలా సాధ్యమైంది? 1914 సెప్టెంబరులో ఫ్రాన్సు ప్రత్యేక యుద్ధ న్యాయమండళ్ళను ఏర్పాటు చేసింది. ముగ్గురు న్యాయాధికారులు ఉంటారు, తీర్పుపై అప్పీలు లేదు. 1916లో పార్లమెంటు వీటిని రద్దు చేసింది. మొత్తం యుద్ధకాలంలో ఫ్రాన్సు క్రమశిక్షణ నేరాల కింద 600 మందికి పైగా తన సొంత సైనికులను కాల్చివేసింది. వీటిలో అధికభాగం 1914, 1915 సంవత్సరాలలోనే జరిగాయి. అంటే అప్పీలు లేని కాలానికీ కాల్చివేతలు ఎక్కువగా జరిగిన కాలానికీ దగ్గర సంబంధం ఉంది. 1917లో పెద్దఎత్తున సైనిక తిరుగుబాట్లు జరిగినప్పుడు వందలాది మరణశిక్షలు పడినా, అమలైనవి తక్కువ.

1.3.3 పోలిక

చిత్రం నలుగురిని ముగ్గురు చేసింది, 1915ను 1916 చేసింది. ఇవి చిన్న మార్పులు. పెద్ద మార్పు మరొకటి ఉంది. చిత్రంలో మీరో చేసిన పని బయటపడి అతడు విచారణను ఎదుర్కోవలసి వస్తుంది. వాస్తవంలో రెవెయాక్ ఈ చర్యకు ఎటువంటి శిక్షా పొందలేదు.

చిత్రం వదిలివేసిన అంశం ఇంకా ముఖ్యమైనది. మొపా భార్య బ్లాంష్ మొపా ఉపాధ్యాయురాలు. భర్త పేరుపై పడిన మచ్చ తొలగించడానికి ఆమె ఫ్రాన్సులోని మానవ హక్కుల సంఘం సహాయంతో ఏళ్ళ తరబడి పోరాడింది. చివరకు 1934 మార్చిలో ప్రత్యేక న్యాయస్థానం నలుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. కుటుంబాలకు దక్కిన పరిహారం నామమాత్రంగా ఒక్క ఫ్రాంకు. అమెరికన్ పత్రికలో వచ్చిన ఈ తీర్పు వార్తే కాబ్ నవలకు ప్రేరణ. అంటే ఆ ఉపాధ్యాయురాలి పట్టుదల లేకపోతే ఆ తీర్పు లేదు, నవల లేదు, చిత్రమూ లేదు. కాని చిత్రంలో ఆమె లేదు.

ఈ చిత్రం ఫ్రాన్సులో 1975 వరకు ప్రదర్శితం కాలేదు. ఎందుకో అర్థం కావాలంటే అది విడుదలైన 1957లో ఫ్రెంచ్ సైన్యం ఎక్కడ, ఏమి చేస్తున్నదో తెలియాలి. 1.5 విభాగంలో దానిని చూస్తాం.

*మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1*
ఫిరంగిదళాధికారి లిఖితపూర్వక ఉత్తర్వు అడగడం ఎందుకు ముఖ్యమైనది? ఐదు వాక్యాలలో రాయండి.

1.4 మంచివాడు పదవిలో ఉంటే: 'ది హ్యూమన్ కండిషన్' (1959–61)

1.4.1 కథ

చెడ్డవాడి చేతిలో అధికారం ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మంచివాడి చేతికే వస్తే? జపాన్ దర్శకుడు మసాకి కొబయాషి ఈ ప్రశ్నను తీసుకొన్నాడు. జున్‌పెయ్ గొమికావా నవల ఆధారంగా 1959 నుంచి 1961 వరకు మూడు భాగాలుగా విడుదలైన ఈ చిత్రం నిడివి మొత్తం తొమ్మిది గంటలకు పైనే.

కథ 1943లో, జపాన్ ఆక్రమణలో ఉన్న మంచూరియాలో మొదలవుతుంది. కథానాయకుడు కాజి యుద్ధాన్ని ఇష్టపడని యువకుడు. కార్మికులను మనుషులుగా చూస్తే ఉత్పత్తి పెరుగుతుందని అతడు వాదిస్తాడు. సైన్యంలో చేరకుండా మినహాయింపు ఇస్తామన్న హామీపై ఒక గనిలో కార్మికుల పర్యవేక్షకుడిగా వెళతాడు. అక్కడికి సైన్యం వందలాది చైనా ఖైదీలను తెచ్చి అప్పగిస్తుంది. వారిని విద్యుత్ ప్రవహించే కంచె లోపల ఉంచుతారు. వారి తిండి, పని గంటలు, వైద్యం మెరుగుపరచాలని కాజి నిజాయితీగా ప్రయత్నిస్తాడు.

కాని కంచె మాత్రం అలాగే ఉంటుంది. అతడు ఎంత మంచివాడైనా ఖైదీల దృష్టిలో కంచెకు ఆవలివైపు ఉన్నవాడే. అతడి ఉద్యోగమే బలవంతపు చాకిరీ మీద నిలిచి ఉంది. పారిపోజూశారన్న ఆరోపణపై కొందరు ఖైదీల తలలు నరకడానికి సైనిక పోలీసులు సిద్ధమైనప్పుడు కాజి అక్కడ నిలబడి చూడవలసి వస్తుంది. కొందరు చనిపోయిన తరువాత గాని అతడు అడ్డుపడడు. అడ్డుపడినందుకు చిత్రహింసకు గురై, మినహాయింపు కోల్పోయి, సైన్యంలోకి నెట్టబడతాడు.

రెండవ భాగంలో కాజి అధికారానికి అవతలి కొస చూస్తాడు. సైన్యంలో పాతవాళ్ళు కొత్తవాళ్ళను కొట్టడం, అవమానించడం నిత్యకృత్యం. ఒకప్పుడు దెబ్బలు తిన్నవాడే ఇప్పుడు కొడతాడు. బలహీనుడైన ఒక యువసైనికుడు ఆ బాధ భరించలేక ఆత్మహత్య చేసుకొంటాడు. మూడవ భాగంలో జపాన్ ఓడిపోతుంది. సోవియట్ ఖైదీల శిబిరంలో చిక్కిన కాజి, తన అనుచరుని చావుకు కారణమైన తోటి జపనీయుడిని తన చేతులతోనే చంపుతాడు. హింసను అసహ్యించుకొన్న మనిషి ఎక్కడికి చేరాడో చూడండి.

1.4.2 చరిత్ర

1931 సెప్టెంబరులో జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించింది. 1932లో అక్కడ 'మంచుకువో' అనే కీలుబొమ్మ రాజ్యాన్ని ఏర్పాటు చేసింది. గనులు, ఉక్కు కర్మాగారాలు, రైలుమార్గాలలో చైనా కార్మికులను నిర్బంధంగా పనిచేయించారు. దర్శకుడు కొబయాషి స్వయంగా సైన్యంలో చేరవలసి వచ్చి మంచూరియాలో పనిచేశాడు. యుద్ధంపై నిరసనగా సామాన్య సైనికుడి కంటె పై హోదాకు పదోన్నతిని అంగీకరించలేదు. మొదటి చిత్రంలో మీరోను చెడగొట్టినది పదోన్నతి ఆశ. ఇక్కడ చిత్రకారుడే పదోన్నతిని వద్దన్నాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి.

చిత్రం తయారైన కాలాన్ని కూడా చూడాలి. 1957 నుంచి 1960 వరకు జపాన్ ప్రధానమంత్రి నొబుసుకె కిషి. ఆయన 1930లలో మంచుకువో పారిశ్రామిక విధానాన్ని నడిపిన ఉన్నతాధికారులలో ఒకరు, తరువాత టోజో మంత్రివర్గంలో మంత్రి. అటువంటి వ్యక్తి ప్రధానిగా ఉన్నప్పుడు మంచూరియా నిర్బంధ శ్రమను తెరపై చూపడం గతం గురించి మాత్రమే మాట్లాడటం కాదు. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జపాన్‌లో లక్షలాది ప్రజలు వీధులలోకి వచ్చారు. యుద్ధానికి బాధ్యులెవరన్న ప్రశ్న ఆనాటికి ఇంకా సజీవంగా ఉంది.

1.4.3 గుర్తించవలసిన అంశం

వ్యక్తి మంచితనం వ్యవస్థను మార్చడానికి చాలదన్నది ఈ చిత్రం చెప్పే విషయం. అంతేకాదు, మంచివాడు ఆ పదవిలో ఉండటం కొన్నిసార్లు వ్యవస్థకే ఉపయోగపడుతుంది. కాజి సంస్కరణల వల్ల ఖైదీలు కొంత ఊపిరి పీల్చుకొన్నమాట నిజం. అదే సమయంలో జపాన్ యుద్ధానికి కావలసిన ఖనిజం కూడా పెరిగింది. 'నేను లేకపోతే నాకంటె చెడ్డవాడు వస్తాడు' అన్న వాదన వినడానికి బాగుంటుంది. ఆ వాదన ఎక్కడివరకు చెల్లుతుంది, ఎక్కడ ఆగిపోవాలి అన్నది కాజి సకాలంలో నిర్ణయించుకోలేకపోయాడు.

*మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2*
జనరల్ మీరో, కాజి పాత్రలలో అధికారం చూపిన ప్రభావాన్ని పోల్చండి.

1.5 ఫలితం మాత్రమే కావాలి: 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' (1966)

1.5.1 కథ

ఇటలీ దర్శకుడు జిల్లో పోంటెకోర్వో తీసిన ఈ చిత్రం అల్జీరియా స్వాతంత్ర్య పోరాటంలోని ఒక ఘట్టం. అల్జీర్స్‌లో తిరుగుబాటుదారుల దళానికి నాయకత్వం వహించిన సాది యాసెఫ్ తానే ఒక నిర్మాతగా ఉండి, తన జీవితానికి దగ్గరగా ఉన్న పాత్రలో నటించాడు. ఫ్రెంచ్ పారాట్రూపర్ల నాయకుడు కల్నల్ మాత్యూ మాత్రం కల్పిత పాత్ర. ఆ పాత్రధారి జాఁ మార్తాఁ అల్జీరియా యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1960లో 121 మంది ఫ్రెంచ్ మేధావులు చేసిన ప్రకటనపై సంతకం పెట్టినవాడు.

మాత్యూ క్రూరుడిలా కనిపించడు. చదువుకొన్నవాడు, మర్యాదస్తుడు, ప్రత్యర్థిని గౌరవిస్తాడు. పత్రికలవారు చిత్రహింసల గురించి అడిగినప్పుడు ఆయన ప్రశ్నను తిప్పి వారికే వేస్తాడు. ఫ్రాన్సు అల్జీరియాలో ఉండాలా, వద్దా? ఉండాలనుకొంటే పర్యవసానాలను కూడా మీరు ఒప్పుకోవాలంటాడు. తమ దళంలో నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడినవారు ఉన్నారని గుర్తుచేస్తాడు. ఇక్కడ చెడిపోయినది ఒక వ్యక్తి కాదు. ఫలితాన్ని కోరుతూ పద్ధతిని చూడనట్లు నటించే ప్రభుత్వం, ఆ ప్రభుత్వాన్ని ఎన్నుకొన్న సమాజం కూడా అందులో ఉన్నాయి.

1.5.2 చరిత్ర

1956 మార్చిలో ఫ్రెంచ్ పార్లమెంటు అల్జీరియాకు సంబంధించి ప్రభుత్వానికి ప్రత్యేక అధికారాలు ఇచ్చింది. అప్పటి ప్రధాని గీ మొల్లే సోషలిస్టు. 1957 జనవరిలో అల్జీర్స్ నగరంలో పోలీసు అధికారాలను జనరల్ జాక్ మస్సూ నాయకత్వంలోని 10వ పారాచూట్ డివిజన్‌కు అప్పగించారు. నెలలు గడిచేసరికి నగరంలో బాంబుదాడులు అణగిపోయాయి. ఆ వ్యవధిలో వేలాదిమందిని పట్టుకుపోయారు, చిత్రహింసలు పెట్టారు. ఎందరో తిరిగి రాలేదు. గణితశాస్త్ర అధ్యాపకుడు మోరిస్ ఓదాఁ 1957 జూన్‌లో అరెస్టై అదృశ్యమయ్యాడు. ఆయన మరణంలో రాజ్యానికి ఉన్న బాధ్యతను ఫ్రెంచ్ అధ్యక్షుడు మాక్రాన్ అంగీకరించడానికి 2018 వరకు, అంటే 61 ఏళ్ళు పట్టింది.

అధికార యంత్రాంగంలో ఉండి కూడా దీనికి తలొగ్గని ఇద్దరిని మీరు గుర్తుంచుకోవాలి. ఒకరు అల్జీర్స్ పోలీసు వ్యవహారాల కార్యదర్శి పోల్ తెత్‌జెన్. రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీ రహస్య పోలీసుల చేతిలో తాను అనుభవించిన హింసల గుర్తులనే ఇప్పుడు తన పాలనలోని నిర్బంధితుల ఒంటిపై చూస్తున్నానని రాసి ఆయన రాజీనామా ఇచ్చాడు. గృహనిర్బంధ ఉత్తర్వులపై తాను పెట్టిన సంతకాలను, వాస్తవంగా కనిపిస్తున్న మనుషులను సరిచూసి సుమారు 3,000 మంది లెక్కకు రావడం లేదని తేల్చాడు. రెండవవారు జనరల్ పారిస్ ద బొల్లార్దియేర్. ఈ పద్ధతులలో భాగం కాలేనని తనను బాధ్యతల నుంచి తప్పించమని కోరాడు. ఆయనకు లభించినది 60 రోజుల కోట నిర్బంధం.

హింసించినవారిపై విచారణ జరగలేదు. 1962 నాటి క్షమాభిక్ష ఉత్తర్వులు దానికి తలుపు మూశాయి. మస్సూ కింద పనిచేసిన పోల్ ఒస్సారెస్ 2001లో తాను చేసిన హింసలను, హత్యలను పుస్తకంలో రాసినప్పుడు కూడా ఆ చర్యలకు కాక, యుద్ధ నేరాలను సమర్థించినందుకే అతడికి జరిమానా పడింది.

1.5.3 అధికారం ఇచ్చినవారికే ఎదురుతిరిగినప్పుడు

చిత్రం చెప్పని ఒక పర్యవసానం ఉంది. జవాబుదారీతనం లేని అధికారానికి అలవాటుపడిన సైన్యం అక్కడితో ఆగలేదు. 1958 మేలో అల్జీర్స్‌లో సైన్యం, వలసవాసులు కలిసి సృష్టించిన సంక్షోభం ఫ్రాన్సులో నాలుగవ గణతంత్రాన్నే కూల్చింది. 1961 ఏప్రిల్‌లో నలుగురు జనరళ్ళు అధ్యక్షుడు డిగాల్‌పై తిరుగుబాటు చేశారు. 1956–57లో అల్జీరియాలోని వారికి మాత్రమే వర్తిస్తుందనుకొన్న అసాధారణ అధికారం నాలుగైదేళ్ళలో పారిస్‌కే ముప్పు అయింది. 1962లో అల్జీరియా స్వతంత్రమైంది. అంటే అల్జీర్స్ వీధులలో ఫ్రెంచ్ సైన్యం గెలిచింది, కాని ఆ గెలుపు ఫ్రాన్సుకు అల్జీరియాను దక్కించలేదు.

ఇప్పుడు 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' విషయానికి రండి. తమ జనరళ్ళు తమ సైనికులనే బలిపెట్టిన కథ విడుదలైన ఏడాదే అల్జీర్స్ ఘటనలు జరిగాయి. ఆ చిత్రం ఫ్రెంచ్ ప్రభుత్వానికి ఎందుకు రుచించలేదో ఇప్పుడు మీరే చెప్పగలరు.

1.6 మూడు చిత్రాలలోని ఉమ్మడి అంశాలు

ఈ మూడు చిత్రాలు వేర్వేరు దేశాలవి, వేర్వేరు యుద్ధాలవి. అయినా అధికారం మనిషిని చెడగొట్టే తీరులో నాలుగు అంశాలు కలుస్తాయి.

(అ) దూరం. నిర్ణయించేవాడు ఒకచోట, దాని ఫలితం అనుభవించేవాడు మరొకచోట ఉంటారు. మీరో రాజభవనంలో ఉంటాడు, సైనికులు బురద కందకంలో ఉంటారు. దూరం పెరిగేకొద్దీ మనిషి అంకె అవుతాడు.

(ఆ) మాట మార్పు. చంపడం 'క్రమశిక్షణ' అవుతుంది. బలవంతపు చాకిరీ 'ఉత్పత్తి' అవుతుంది. చిత్రహింస 'విచారణ' అవుతుంది. మాట మారినప్పుడు మనస్సాక్షి కూడా నిద్రపోతుంది.

(ఇ) నమోదు లేకపోవడం. కుబ్రిక్ చిత్రంలో న్యాయస్థానం విచారణను రాసుకోదు. అల్జీర్స్‌లో తీసుకుపోయిన మనిషికి లెక్క ఉండదు. అధికారం తప్పు చేయదలచినప్పుడు మొదట కాగితాన్ని తప్పించుకొంటుంది. అందుకే ఫిరంగిదళాధికారి అడిగిన ఒక్క కాగితం సొంత సైనికుల ప్రాణాలు కాపాడింది. తెత్‌జెన్ సంతకాల లెక్క అదృశ్యమైనవారిని బయటపెట్టింది.

(ఈ) పంపకం. ఒక్కడే చేసినట్లు కనిపించే నేరంలో పదిమందికి భాగం ఉంటుంది. ఆదేశించినవాడు పై అధికారిని చూపుతాడు, అమలుచేసినవాడు ఆదేశాన్ని చూపుతాడు, చూసి ఊరుకొన్నవాడు తన నిస్సహాయతను చూపుతాడు. చివరకు బాధ్యుడెవరూ మిగలడు.

ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగం చేస్తూ చదువుకొంటున్నవారే. పోలీసు శాఖలో, రెవెన్యూ కార్యాలయంలో, పాఠశాలలో, కర్మాగారంలో మీ చేతిలోనూ కొంత అధికారం ఉండవచ్చు. మీ పైనా కొందరి అధికారం ఉంటుంది. నోటిమాటగా వచ్చే ఆదేశం ఎదురైనప్పుడు దానిని రాసి ఇమ్మని అడగడం అవిధేయత కాదు. బాధ్యత ఎవరిదో తేల్చే మొదటి మెట్టు అది.

1.7 చిత్రాల పరిమితులు

యుద్ధ చిత్రాలు అధికారాన్ని విమర్శించినంత మాత్రాన సంపూర్ణ చరిత్ర కాబోవు. మొదటిది, అవి వ్యవస్థను ఒకరిద్దరు వ్యక్తులలో కుదిస్తాయి. ప్రేక్షకుడు మీరోను అసహ్యించుకొని, అప్పీలు లేని న్యాయమండళ్ళను ఏర్పాటు చేసిన ప్రభుత్వాన్ని మరచిపోవచ్చు. రెండవది, కొందరి గొంతు వినిపించదు. 'ది హ్యూమన్ కండిషన్'లో చైనా ఖైదీల పాత్రలను జపాన్ నటులే పోషించారు. కథ అంతా జపనీయుని మనస్సాక్షి చుట్టూనే తిరుగుతుంది. మూడవది, ఎంపిక. 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' తిరుగుబాటుదారుల బాంబులకు బలైన సామాన్యుల ముఖాలను నిజాయితీగా చూపింది. కాని స్వాతంత్ర్యోద్యమంలోనే ప్రత్యర్థి వర్గాల మధ్య సాగిన రక్తపాతాన్ని చూపలేదు. తెత్‌జెన్, బొల్లార్దియేర్ వంటివారికీ అందులో చోటు లేదు. ఫలితంగా, అడ్డుచెప్పే వీలే లేదేమోనన్న భావన ప్రేక్షకునికి కలుగుతుంది. చరిత్ర చదివితేనే అది నిజం కాదని తెలుస్తుంది.

1.8 సారాంశం

యుద్ధం అసాధారణమైన అధికారాన్ని సృష్టిస్తుంది. 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' పదవీకాంక్ష విచక్షణను ఎలా మింగుతుందో చూపింది. 'ది హ్యూమన్ కండిషన్' అన్యాయమైన వ్యవస్థలో మంచివాడు కూడా భాగస్వామి ఎలా అవుతాడో చూపింది. 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' ఫలితం మాత్రమే కోరే రాజ్యం చట్టాన్ని ఎలా పక్కన పెడుతుందో చూపింది. ఈ చిత్రాల వెనుక ఉన్న చరిత్ర మరొక విషయం కూడా చెబుతుంది. లిఖిత ఉత్తర్వు, అప్పీలు చేసుకొనే హక్కు, సంతకాల లెక్క, ఒక ఉపాధ్యాయురాలి పట్టుదల వంటివే అధికారానికి కళ్ళెం వేయగలిగాయి. అవి ఆలస్యంగా పనిచేశాయి, కొన్నిసార్లు దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత. అయినా పనిచేశాయి.

1.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. సువాన్ ఘటనను వివరించి, 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' చిత్రంతో పోల్చండి.
2. అల్జీర్స్‌లో సైన్యానికి అప్పగించిన పోలీసు అధికారాల పర్యవసానాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 వాక్యాలలో సమాధానం రాయండి.
1. చలనచిత్రాన్ని చారిత్రక ఆధారంగా వాడటంలో గల ప్రయోజనాలు, పరిమితులు ఏవి?
2. వ్యక్తి మంచితనం వ్యవస్థను మార్చగలదా? కాజి పాత్ర ఆధారంగా చర్చించండి.

III. అభ్యాసం
మన్యం తిరుగుబాటు (1922–24) నాయకుడు అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కొయ్యూరు వద్ద, పట్టుబడిన తరువాత న్యాయస్థానంలో విచారణ లేకుండానే కాల్చిచంపారు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రాన్ని చూసి, 1.2 విభాగంలోని మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. సంప్రదింపు తరగతిలో మీ తోటి విద్యార్థులతో చర్చించండి.

1.10 పదకోశం

కందకం: సైనికులు దాక్కొని పోరాడటానికి నేలలో తవ్విన పొడవాటి గుంట.
కీలుబొమ్మ రాజ్యం: పేరుకు స్వతంత్రంగా ఉండి, మరొక దేశం చెప్పినట్లు నడిచే రాజ్యం.
జవాబుదారీతనం: చేసిన పనికి సంజాయిషీ చెప్పుకోవలసిన బాధ్యత.
క్షమాభిక్ష: నేరాలపై విచారణ గాని శిక్ష గాని లేకుండా ప్రభుత్వం ఇచ్చే మినహాయింపు.